పదుగురి గోడపై చిత్రము

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలు చెప్పిరి. ఆ సామెతలో ఇల్లు వేఱు, రచ్చ వేఱు. ఇంటిలో మన లోపములను సైచువారుందురు. రచ్చలో వానిని తూచువారుందురు. తెలుగుసీమకు వెలుపల తరతరములుగా కాపురముండు మనవంటివారికి మాత్రము ఈ రెండును ఒక్కచోట కలిసిన స్థలమొకటి కలదు. అది మనము చందాలు వేసికొని కట్టుకొన్న సమాజభవనము. అచ్చట మన భాష వినబడును గావున అది ఇల్లు. పదుగురు కూర్చుండి మంచిచెడ్డలు విచారింతురు గావున అది రచ్చ. ఉగాదికో, వార్షికోత్సవమునకో ఆ భవనపు గోడలపై మనవారు వ్రాసిన చిత్రములను ప్రదర్శించుట మనకు క్రొత్త కాదు. అట్టి గోడపై తన చిత్రమును నిలుపు కళాకారుడు ఏమేమి ఎఱిగియుండవలెను? గోడను ఇచ్చు మనము ఏమేమి ఎఱిగియుండవలెను? ఈ ప్రశ్నను మేకులు, త్రాళ్లు, దీపములు చూచుకొను కార్యకర్తలకు వదలివేయుట వాడుక. మా అభిప్రాయమున ఇది మొదట ధర్మవిచారమునకు చెందిన ప్రశ్న. మేకుల సంగతి దాని వెనుక వచ్చును.

చిత్రమును చూపు చోటులు స్థూలముగా మూడు విధములు. మొదటిది చిత్రకారుని గది. అచ్చట చిత్రము ఇంకను అతని చేతిలోనిది, ముగిసినదో లేదో అతడే నిర్ణయించును, చూడవచ్చినవాడు అతిథి. రెండవది నగరములలోని అమ్మకపు గ్యాలరీ. అచ్చటికి వచ్చువాడు చిత్రము కొఱకే వచ్చును. నచ్చిన కొనును, నచ్చకున్న ప్రక్క గదికి పోవును. మూడవది సమాజశాల. ఇచ్చటికి వచ్చువారిలో పెక్కుమంది చిత్రము కొఱకు రారు. ఒకరు హరికథ వినవత్తురు. ఒకరు పెండ్లి మాటలకు వత్తురు. ఒకరు మనుమరాలిని తెలుగు తరగతికి తోడ్కొనివచ్చి, పాఠము ముగియువఱకు బల్లపై కూర్చుందురు. ఆ గంటసేపును వారి కన్నుల యెదుట నుండునది ఆ చిత్రమే. చూడగోరి రానివారి కన్నుల యెదుట నిలుచుట చిన్న హక్కు కాదు. సమాజశాలలో చిత్రకారుని ధర్మమంతయు ఈ ఒక్క విషయము నుండియే పుట్టుచున్నదని మేము తలంతుము.

ఇట్టి చూపరులు మన పూర్వ చిత్రకారులకు అలవాటైనవారే. లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్దిలో విజయనగర చిత్రకారులు మండపముల కప్పులపై వ్రాసిన చిత్రములను చూచినవారు చిత్రప్రదర్శనమునకు వచ్చినవారు కారు. దైవదర్శనమునకు వచ్చి, తలయెత్తి చూచినవారు. పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము వంటి తమకు తెలిసిన కథలు వారికి అచ్చట కనబడెను. వానితోపాటు తమ కాలపు ఎత్తైన కుళ్లాయిలు, తమ చీరల అంచులు, తమ నగలు కూడ కనబడెను. తెలిసిన దానిని చేతికిచ్చి తెలియని దానివైపు నడిపించుట ఆ చిత్రకారుల నేర్పు. పనిమీద వచ్చి ఒక్క క్షణము ఆగినవానిని నిలువబెట్టుటకు అంతకన్న మంచి మార్గము నేటికిని కనుగొనబడలేదు.

తెలంగాణములోని చేర్యాల నకాషీ చిత్రకారులది మఱొక రీతి. వారు పొడవైన గుడ్డపై కథను ఘట్టములుగా వ్రాసి ఇత్తురు. కథకులు దానిని ఊరిలో విప్పి, ఒక్కొక్క ఘట్టమును చూపుచు పాడుదురు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును ఇట్లే వినిపింతురు. ఇందు కథ కులమువారిది; వారి పుట్టుక, వారి వృత్తి గౌరవము ఆ పటములో నున్నవి. దానిని తప్పుగా వ్రాసినచో అడుగుటకు వారికి అధికారము కలదు. ఐనను ఎఱ్ఱని నేలపై ఆ కనుల వంపును, ఆ చేతుల కదలికను ఎట్లు వ్రాయవలెనో చిత్రకారునికి ఎవరును చెప్పరు. కథ పదుగురిది, రేఖ ఒకనిది. ఈ విభజన చెడకున్నంతకాలము ఇరువురకును గౌరవము దక్కినది. షోలాపురమున మగ్గములు నెలకొల్పుకొన్న మన పద్మశాలీ కుటుంబములకు మార్కండేయుడు నేటికిని ఇలవేల్పే గావున, ఈ మాట వారికి వేఱుగా వివరింపనక్కఱలేదు.

మూడవ ఉదాహరణము మనకు మఱింత దగ్గఱిది. పనసచెక్కపై గుడ్డ నంటించి, సుద్దతో పూలను ఉబ్బెత్తుగా తీర్చి, బంగారురేకు అద్ది, రాళ్లు పొదిగి వ్రాయు తంజావూరు చిత్రములను ఎఱుగనివారు తమిళనాట లేరు. ఆ పద్ధతిని పెంచినవారిలో తెలుగు మాటాడు రాజులను చిత్రకార కుటుంబములవారు ముఖ్యులని కళాచరిత్రకారులు చెప్పుదురు. వారు వచ్చిన సీమ పేరు ఆ చిత్రములకు రాలేదు. వారు స్థిరపడిన ఊరి పేరే వచ్చినది. దీనిని మన పేరు పోయినదని విచారించువారు కలరు. మేము అట్లు తలంపము. తాము ఏ ప్రజల నడుమ బ్రదికిరో ఆ ప్రజల పూజాగృహములకు తగినట్లు వ్రాయుట వలననే వారి విద్య నిలిచినది. తెచ్చుకొన్న విద్య, చేరుకొన్న నేల, ఈ రెండును కలిసినప్పుడే అది పండినది.

ఇక మన కాలపు ప్రశ్నకు వత్తము. సమాజశాలలో చిత్రములు పెట్టుదమని కార్యవర్గము తలపెట్టగానే కొన్ని కోరికలు పుట్టును. గోదావరిపై తెరచాప పడవ కావలెను. సంక్రాంతి గంగిరెద్దు కావలెను. తలపై గంపతో పొలము గట్టున పోవు పడతి కావలెను. ఈ కోరిక వెనుకనున్న ఆర్తిని మేము తక్కువచేయము. మన పిల్లలు పొరుగు భాషలో చదువుచున్నారు. ఇంటిలో తెలుగు నానాటికి సన్నగిల్లుచున్నది. గోడమీద నైనను తెలుగునేలను చూపుదమని పెద్దలు కోరుట సహజము. కాని చిత్రకారుడు పుట్టినది హోసూరులోనో, బరంపురములోనో కావచ్చును. కోనసీమలో నాట్లు వేయుట అతడు కన్నులార చూచియుండడు. అతడు ఏమి చేయవలెను? అడిగినది వ్రాసి ఇచ్చి మెప్పు పొందవలెనా? తాను చూచినది వ్రాసి, ఇందులో తెలుగుదనమేదియని అడిగించుకొనవలెనా?

అడిగినది వ్రాయుటయే ధర్మమనువారి వాదము బలహీనమైనది కాదు. గోడ సమాజమువారిది, ధనము వారిది, పండుగ వారిది. వంటవాడు తన రుచి చూపదలచి పెండ్లివారి భోజనము చెఱుపరాదు గదా యని వారందురు. దానికి మా సమాధానము ఇది. క్యాలెండరును చూచి వ్రాసిన పడవ చిన్నపిల్లవానికి ఒక పాఠము నేర్పును. అది మనము ఉద్దేశించిన పాఠము కాదు. తెలుగుదనమనగా ఎచ్చటనో దూరముగా ఉండునది, ఎప్పుడో జరిగినది అని అతడు గ్రహించును. ఇచ్చట బస్సెక్కి బడికి పోవుచున్న తాను అందులో లేడని కూడ గ్రహించును. మధురలో తమిళ అక్షరముల బల్లకట్టిన వీధిలో తెల్లవాఱుజామున ముగ్గు వేయుచున్న అవ్వను చూచి వ్రాసిన చిత్రము అతనికి వేఱొక మాట చెప్పును. ఆమె అతని అవ్వయే. ఆ వీధి అతనిదే. అందుచేత తెలుగుదనమును అతనిదే. షోలాపురపు మగ్గపు దుమ్ములో వెలుగు పడిన తీరు, ముంబాయి మేడలకు రాళ్లు మోసిన కామాఠీల వీపు, బరంపురపు పట్టు అంచు, యానాములో గౌతమిపై నిజముగా సాగు పడవ, ఇవి అన్నియు తెలుగు చిత్రములే. యానాము చిత్రకారుడు గోదావరిని వ్రాసినచో అది అతని వాకిలి. షోలాపురపు చిత్రకారుడు దానినే వ్రాసినచో అది అతని కల. కలను కలగా వ్రాయవచ్చును. అందులో అసత్యము లేదు. కలను వాకిలిగా చూపుటయే అసత్యము.

ఇందుకు దామెర్ల రామారావు జీవితమును ఒక్కసారి తలచుకొనుట మంచిది. 1897లో జన్మించిన ఆయనను రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించెను. ఆయన బొంబాయి సర్ జె.జె. కళాశాలలో పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందెను. శిక్షణ పరభాషా నగరములోనిది. ఐనను ఆయన చిత్రములలోని స్త్రీలు తెలుగు స్త్రీలు, నది గోదావరి. తాను నేర్చినదానిని దాచలేదు. తాను చూచినదానిని విడువలేదు. చెన్నపట్టణమున పనిచేసిన కె. శ్రీనివాసులు మన జానపద బొమ్మల రేఖలను, రంగులను ఆధునిక చిత్రములలోనికి తెచ్చెను. ఆయన బొమ్మను అట్లే దించక, దాని నుండి నేర్చుకొనెను. మనవారికి చూపుట యనగా మనవారు ఇదివఱకే ఎఱిగినదానిని తిరిగి చూపుట కాదని ఈ ఇరువురును చేసి చూపిరి.

సమాజశాల ఇల్లును, రచ్చయును అగుట వలన రెండు ప్రమాదములు కలుగుచున్నవి. ఇల్లగుట వలన వచ్చునది ముఖప్రీతి. అధ్యక్షులవారి మేనల్లుని చిత్రమునకు నడిగోడ దక్కును, చందా ఇచ్చినవారి కుమార్తె చిత్రమును ఎవరును కాదనరు, అందఱును బాగున్నదందురు. ఇట్టి మెప్పు చిన్నవయసు చిత్రకారునికి తీపి విషము. దానికి ఎదురైనది పెరటిచెట్టు న్యాయము. పెరటి చెట్టు మందుకు రాదన్నట్లు, మన వీధివాడు వ్రాసినదేమి గొప్పయని, అదే చిత్రము పొరుగూరి ప్రదర్శనములో బహుమతి పొందినపిమ్మట పూలదండలు తెత్తురు. ముఖప్రీతి యైనను, చిన్నచూపైనను పుట్టుట ఒక్క కారణము వలననే. చిత్రమును చూడక మనిషిని చూచుటయే ఆ కారణము.

దీనికి ఔషధము నియమము. ప్రదర్శనమునకు చిత్రములను ఎవరు ఎన్నుకొందురో, ఏ గుణమును బట్టి ఎన్నుకొందురో, ఒక్కొక్కరికి ఎన్ని చిత్రములకు చోటిత్తురో కార్యవర్గము ముందుగానే వ్రాసి ప్రకటింపవలెను. ఎన్నుకొనువారిలో చిత్రవిద్య తెలిసిన బయటివారొకరైనను ఉండుట మేలు. వారు తెలుగువారే కానక్కఱలేదు. బంధువుల చిత్రము వచ్చినప్పుడు ఎన్నికదారు లేచి ప్రక్కకు పోవలెను. చిత్రకారుడును ఒక నియమము పాటింపవలెను. నగరపు గ్యాలరీకి పనికిరాక మిగిలినదానిని, మనవాళ్లే గదాయని సమాజశాలకు పంపరాదు. తల్లి పెట్టినది తినును గదాయని ఆమెకు మాడినది వడ్డింపము. ఇచ్చటి చూపరులలో జీవితమున మఱొక చిత్రశాల గుమ్మము త్రొక్కనివారు ఉందురు. వారు చూడబోవు మొదటి చిత్రము, ఒకవేళ కడపటి చిత్రము, ఇదియే కావచ్చును. కావున మంచివానిలో మంచిది ఇచ్చటికే రావలెను. ఎక్కువ పెట్టవలెనను ఆశయు తగదు. ఇరువది చిత్రములను ఇఱికించుట కంటె ఆఱు చిత్రములకు ఊపిరాడు చోటిచ్చుట చూపరికిని, చిత్రమునకును గౌరవము.

ఇంకొక చిక్కు ఉన్నది. దేవతామూర్తిని ఎన్నడు చూడని రీతిని వ్రాసిన చిత్రము వచ్చును, నగ్నరూపము వచ్చును, మనలోని కులభేదమును ఎత్తిచూపు చిత్రము వచ్చును. ఇదియు రచ్చయే గావున చిత్రకారునికి స్వేచ్ఛ ఉండవలెను. ఇదియు ఇల్లే గావున పసిపిల్లలు, వృద్ధులు ఇచ్చట తిరుగుదురు. అమ్మకపు గ్యాలరీలో నచ్చనివాడు తలుపు తీసికొని పోగలడు. తెలుగు తరగతికి వచ్చిన ఎనిమిదేండ్ల పిల్ల ఎచ్చటికి పోవును? ఇచ్చట చిత్రకారుడు తన్ను తానే అడుగుకొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఈ చిత్రము వీరిని ఆలోచింపజేయుటకా, లేక ఉలికిపాటు కలిగించి నా పేరు నిలుపుకొనుటకా? మొదటిదైనచో దానిని దాచనక్కఱలేదు. కాని ఏమి పెట్టుచున్నాడో ముందుగా కార్యవర్గమునకు చూపి, తన భావము చెప్పి, తగిన గదిలో తగిన మాటతో పెట్టింపవలెను. కార్యవర్గమునకును ఒక కర్తవ్యము కలదు. కాదనదలచినచో చిత్రము గోడ నెక్కకముందే కారణము చెప్పి కాదనవలెను. ఒప్పుకొని పెట్టినపిమ్మట ఎవరో ఇద్దఱు గొణిగిరని రాత్రికి రాత్రి దింపి, వంటపాత్రల గదిలో గోడవైపు త్రిప్పి పెట్టుట తగదు. గొణిగినవారిని, చిత్రకారుని ఒకచోట కూర్చుండబెట్టి మాటాడించుట మన రచ్చబండల నాటి పద్ధతి. ఆ సంభాషణము జరిగిననాడు ప్రదర్శనము సగము సఫలమైనట్లే.

ఈ సందర్భమున చట్టము ఏమి చెప్పునో తెలిసికొనుట ఇరుపక్షములకును అవసరము. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రమును కొన్నవాడు ఆ పటమునకు యజమాని యగును గాని, దానిని అచ్చు వేయించు హక్కు, నకళ్లు తీయించు హక్కు అతనికి రావు. అవి వ్రాతమూలకముగా ఇచ్చిననే సంక్రమించును. ధనమిచ్చి ప్రత్యేకముగా వ్రాయించుకొన్న చిత్రము సంగతి వేఱు. అచ్చట మఱొక ఒప్పందము లేనిచో ఆ హక్కు వ్రాయించుకొన్నవానిదే. చిత్రకారుని జీవితకాలమును, ఆ తరువాత 60 ఏండ్లును ఈ హక్కు నిలుచును. కావున మన సంచిక అట్టపై ఒకరి చిత్రమును వేయుటకు ముందు అనుమతి అడుగుట మర్యాద మాత్రమే కాదు, విధియును. ఫోనుతో తీసి పదిమందికి పంపు నేటి కాలమున ఈ మాట మఱింత గుర్తుంచుకొనదగినది.

అదే చట్టములోని 57వ విభాగము మఱియొక మెట్టు ఎక్కినది. హక్కులన్నియు ఇచ్చివేసినను, ఈ కృతి నాదని చెప్పుకొను అధికారమును, తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు దానిని వికృతపఱచినచో అడ్డుకొను అధికారమును కర్తకు మిగిల్చినది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ న్యూఢిల్లీలోని విజ్ఞానభవనమునకు కంచుతో ఒక పెద్ద కుడ్యశిల్పమును చేసి ఇచ్చెను. 1979లో దానిని ఊడదీసి మూలను పడవేసిరి. ఆయన న్యాయస్థానమున కెక్కెను. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను శిల్పికి తిరిగి ఇమ్మనియు, 5 లక్షల రూపాయల నష్టపరిహారము చెల్లింపుమనియు ప్రభుత్వమును ఆదేశించెను. ధనమిచ్చి కొన్నవాడు ఏమి చేసినను చెల్లునను భ్రాంతిని ఆ తీర్పు తొలగించినది.

ఐతే అదే విభాగములో ఒక వివరణము కలదు. కృతిని అసలు ప్రదర్శింపకుండుటగాని, కర్తకు తృప్తి కలుగునట్లు ప్రదర్శింపకుండుటగాని ఈ హక్కులకు భంగము కాదని అది చెప్పుచున్నది. అనగా చిత్రమును చీల్చినచో న్యాయస్థానము అడుగును. చీకటి మూలలో నీటికుండ వెనుక వ్రేలాడగట్టినచో అడుగదు. చట్టము చేయి విడిచిన ఈ చోటనే మన ధర్మము ప్రారంభమగుచున్నది. చిన్న పనులుగా కనబడు ఏర్పాటులకు నైతికమైన బరువు వచ్చుట ఇందువలననే.

అట్టి పనులను కొన్నింటిని చెప్పుదుము. చిత్రము చేతులు మాఱుటకు ముందు ఒక కాగితము వ్రాసికొనవలెను. ప్రదర్శనము ఎన్నినాళ్లు, తెచ్చుటకును తిరిగి పంపుటకును బండి ఖర్చు ఎవరిది, అద్దము పగిలినను చిత్రము తడిసినను బాధ్యత ఎవరిది, భీమా ఉన్నదా, అమ్ముడైనచో సమాజమునకు ఎంత భాగము, ఏ తేదీలోగా సొమ్ము చెల్లింతురు, చిత్రము ఏనాడు తిరిగి వచ్చును, ఈ సంగతులన్నియు అందులో ఉండవలెను. మనలో మనకు కాగితమేల యని కొందఱందురు. మనలో మనము గనుకనే కావలెను. పరాయివానితో తగవు పడినచో ఒక గిరాకి పోవును. అయినవారితో తగవు పడినచో పెండ్లిపిలుపులు ఆగిపోవును. చిత్రములను స్వీకరించుచున్నప్పుడు ఇరువురును కలిసి వాని స్థితిని చూచి, ఉన్న గీతలను, మచ్చలను అప్పుడే వ్రాసికొన్నచో పిదప మాట పట్టింపులు ఉండవు.

వ్రేలాడగట్టుటలో చిత్రపు నడిభాగము నేలనుండి ఇంచుమించు అయిదడుగుల ఎత్తున ఉండుట పెద్దల కంటికి అనుకూలము. పిల్లలు చదువుకొను గదిలోనైనచో కొంత దించవలెను. సున్నము ఊరు గోడ, వాననీరు దిగు గోడ కాగితపు చిత్రమునకు శత్రువులు. సముద్రతీరపు ఊళ్లలో చిత్రమునకును గోడకును నడుమ గాలియాడునట్లు చిన్న చెక్కలు పెట్టుట మంచిది. నీటిరంగుల చిత్రములను, కలంకారీ వంటి వస్త్రములను ఎండకు ఎదురుగా పెట్టరాదు. వెలుతురు కొలత చూడగలిగినచో వానికి 50 లక్సులును, తైలవర్ణ చిత్రములకు 200 లక్సులును మించనీయకుండుట మ్యూజియముల వాడుక. ఎండ తినివేసిన రంగు మఱల రాదు. ఒక్క మాసపు ప్రదర్శనము కొఱకు ఒకని పదేండ్ల పనిని వెలవెలబోవజేయుట మనకు తగదు.

చిత్రము క్రింది పేరుపట్టీ సంగతి మఱింత ముఖ్యము. చిత్రము పేరు, చిత్రకారుని పేరు, ఏ రంగులతో ఎప్పుడు వ్రాసినది, వెల యున్నచో వెల, ఇవి స్పష్టముగా ఉండవలెను. అవి తెలుగులోను, మనమున్న సీమ భాషలోను ఉండవలెనని మా మనవి. బరంపురమున ఒడియాలో, షోలాపురమున మరాఠీలో, బళ్లారిలో కన్నడమున, మధురలో తమిళమున వ్రాసినచో పొరుగువాడు లోపలికి వచ్చును. మన పిల్లలలో తెలుగు చదువరానివారికిని అది ఊతమగును. ఒక భాషలో అర్థము తెలిసికొని రెండవ భాషలోని అక్షరములను కూడబలుకుకొందురు. పట్టీపై నాలుగు మాటలకు మించి భావమును వివరింపవలదు. చిత్రము చెప్పవలసినదానిని కాగితము చెప్పినచో కన్ను సోమరి యగును. చిత్రకారుడు సాయంకాలము కొంతసేపు అచ్చట నుండి అడిగినవారికి బదులు చెప్పుట దీనికంటె మేలు. అప్పుడు అతడును నేర్చుకొనును; జరీపని ఎఱిగిన ముదుసలి ఒకరు, నాయనా, ఈ అంచు ఇట్లుండదని చెప్పినచో అంతకన్న మంచి విమర్శ ఏ పత్రికలోను దొరకదు.

కడపట వెల. సమాజమునకు చిత్రమును ఊరక ఇమ్మని అడుగుట మనలో ఎక్కువ. నాదస్వరమువారికి ఇత్తుము, పందిరివారికి ఇత్తుము, వంటవారికి ఇత్తుము. చిత్రకారునికి మాత్రము శాలువ కప్పుదుము. ఇచ్చుట అతని ఔదార్యము కావచ్చును, అడుగుట మన హక్కు కానేరదు. వెల చెప్పుటకు చిత్రకారుడు సిగ్గుపడనక్కఱలేదు. నగరములో ఒక వెల, మనవారికి రెండింతల వెల చెప్పుట మాత్రము సిగ్గుపడదగినది. ధనమునకును కళకును గల పోరును తీర్చుటకు చెన్నపట్టణపు చిత్రకారులు ఒక మార్గము కనుగొనిరి. 1966లో కె.సి.ఎస్. పణిక్కరు నాయకత్వమున వారు సముద్రతీరమున చోళమండల కళాకారుల గ్రామమును స్థాపించిరి. బాతిక్ మొదలగు చేతిపనులను అమ్మి భూమి కొని, జీవనము గడుపుకొని, చిత్రములను మాత్రము తమ మనస్సాక్షి చెప్పినట్లు వ్రాసికొనిరి. అందఱికిని అది సాధ్యము కాకపోవచ్చును. ఐనను కడుపు కొఱకు చేయు పనిని, మనసు కొఱకు చేయు పనిని వేఱుపఱచి, రెండింటిని గౌరవముతో చేయవచ్చునని వారు నిరూపించిరి. పదిమందితో కలిసి బ్రదికినచో కళాకారుని స్వేచ్ఛ తగ్గునను మాటకు అదియే జవాబు.

ప్రదర్శనము ముగిసినపిమ్మట చిత్రములు చెప్పిన తేదీకి, చెప్పిన స్థితిలో తిరిగి పోవలెను. వానిలో ఒకటో రెండో సమాజము కొని భవనమునకు నిలుపుకొనినచో మఱియు మంచిది. దామెర్ల రామారావు 1925లో, తన ఇరువదియెనిమిదవ యేట కన్నుమూసెను. ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నము మొదలగువారు ఆయన కృషిని కాపాడిరి గనుకనే, ఆయన చిత్రములను నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో చూడగలుగుచున్నాము. చిత్రకారుడు వ్రాయుట ఒక పని. అతని తరువాతివారు దాచుట రెండవ పని. రెండవది ఎవరో ఒక్కరి వలన కాదు, పదుగురి వలననే అగును. తెలుగుసీమకు వెలుపల మనము ఎట్లు బ్రదికితిమో మన మనుమలకు చెప్పుటకు ప్రభుత్వ గ్రంథాలయములలో పుస్తకములు ఉండకపోవచ్చును. మన గోడలపై నిజముగా వ్రాసిన నాలుగు చిత్రములున్నచో అవి చెప్పును.

కావున చిత్రకారునితో మేము చెప్పదలచినది ఒక్కటే. మనవారి గోడ అని చనువు తీసికొనకుము. మనవారి గోడ అని భయపడకుము. నీవు చూచినదానిని నీ శక్తికొలది నిజముగా వ్రాసి తెమ్ము. సమాజముతో చెప్పదలచినదియు ఒక్కటే. మనవాడని మెచ్చవలదు, మనవాడని త్రోయవలదు. వెలుతురున్న చోట నిలిపి, కొంచెము సేపు మాటలు మాని చూడుడు. ఇంటిలోని ఆదరమును రచ్చలోని న్యాయమును ఒక్కగోడపై కలుపగలిగిననాడు ఆ గోడ మన చందాలకు తగిన గోడ యగును.